పింగ్యావ్: ప్రాకారం లోపల, ప్రాకారం వెలుపల

ఉత్తర చైనాలోని షాన్సీ రాష్ట్రంలో, ఫెన్ నదీ పరీవాహక మైదానంలో ఉన్న పింగ్యావ్ ఒక 'శ్యెన్' కేంద్రం. పాలనాక్రమంలో రమారమి మన తాలూకా కేంద్రం వంటిది. రాజధాని కాదు, రేవు కాదు. అయినప్పటికీ మింగ్, చింగ్ వంశాల నాటి చిన్న పట్టణ నిర్మాణాన్ని ఇంత సమగ్రంగా చూపగల స్థలాలు అరుదు.

బౌద్ధ పరిశోధకునికి ఊరి పేరే ఆసక్తికరం. పూర్వం దీనిని పింగ్‌తావ్ అనేవారు. ఉత్తర వేయి వంశ చక్రవర్తి తాయ్‌వు వ్యక్తినామం 'తావ్'. ఏలిక పేరు ఉచ్చరించరాదన్న ఆచారం వల్ల ఊరు పింగ్యావ్ అయింది. క్రీ.శ. 446లో బౌద్ధ సంఘంపై కఠిన నిర్బంధం విధించినవాడూ ఈ తాయ్‌వే.

ఇప్పుడున్న ప్రాకారం మింగ్ వంశారంభంలో, 1370లో, పాత మట్టిగోడను విస్తరించి కట్టినది. దిమ్మిసాతో గట్టిపరచిన మట్టి దాని గర్భం; వెలుపలి ముఖానికి ఇటుక కప్పు. చుట్టుకొలత 6 కిలోమీటర్లకు పైగా, లోపలి వైశాల్యం సుమారు 2.25 చదరపు కిలోమీటర్లు. మూడు వైపుల గోడ తిన్నగా సాగగా, దక్షిణపు గోడ మాత్రం నది ఒంపులను అనుసరించింది. తూర్పున రెండు, పడమట రెండు, ఉత్తర దక్షిణాలలో ఒక్కొక్కటి చొప్పున ఆరు ద్వారాలు. దక్షిణ ద్వారం తల, ఉత్తర ద్వారం తోక, తక్కినవి కాళ్లు అని స్థానికులు ఊరిని తాబేలుతో పోలుస్తారు. గోడమీది 72 కావలి బురుజులు, 3000 కంగూరాలు కన్ఫ్యూషియస్ శిష్యుల సంఖ్యలకు ప్రతీకలన్నది సంప్రదాయం.

నాలుగు ప్రధాన వీథులు, ఎనిమిది ఉపవీథులు, 72 సందులు అన్నది వీథుల లెక్క. దక్షిణ వీథిపై అడ్డంగా నిలిచిన విపణి గోపురం ఊరికి నడిబొడ్డు. దక్షిణాభిముఖంగా నిలిచి చూస్తే ఎడమ చేతివైపు, అంటే తూర్పున, నగరదేవత ఆలయం, కన్ఫ్యూషియస్ మందిరం, తావో మఠం. కుడివైపున శ్యెన్ అధికారి కచేరీ, యుద్ధదేవత ఆలయం, బౌద్ధాలయం. సంఘానికి ఊరిలో చోటు దక్కింది గాని, అది పాలనా వ్యవస్థ గీసిన సమతుల్య పటంలోని ఒక గడి మాత్రమే.

బౌద్ధ శిల్పసంపదను చూడాలంటే కోట దాటి వెళ్లాలి. నైరుతిన సుమారు 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న ష్వాంగ్‌లిన్ ఆలయం ఉత్తర చీ వంశకాలంలో, 571లో, పునర్నిర్మితమైనది. 'ష్వాంగ్‌లిన్' అంటే జంట వనం. కుశీనగరంలో బుద్ధుడు మహాపరినిర్వాణం పొందిన జంట సాలవృక్షాల స్మరణ. ఇక్కడి 2000కు పైగా రంగుల మట్టి విగ్రహాలలో అధికభాగం మింగ్ కాలానివి. ఈశాన్యంలోని ఝెన్‌గువో ఆలయపు దారుమందిరం మరింత ప్రాచీనం: 963 నాటిది.

1823లో పశ్చిమ వీథిలో 'రిషెంగ్‌చాంగ్' హుండీ సంస్థ వెలిసింది. వెండి మోసుకుపోనక్కరలేకుండా దూరపట్టణాలకు సొమ్ము పంపే ఈ వ్యాపారంతో ఊరు సంపన్నమైంది. 1911 విప్లవం తరువాత ఆ వ్యాపారం కూలిపోయింది. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకొనే స్తోమత ఊరికి లేకపోయింది. అవి నిలవడానికి శ్రద్ధ కంటే పేదరికమే ఎక్కువ తోడ్పడిందనవచ్చు.

స్తోమత తిరిగి వచ్చినప్పుడే ముప్పు వచ్చింది. 1980ల ఆరంభంలో వీథుల విస్తరణ పేరిట కూల్చివేత మొదలైంది. షాంఘైలోని తుంగ్‌జీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రువాన్ యీసాన్ విద్యార్థులతో వచ్చి, కొత్త పట్టణాన్ని ప్రాకారం వెలుపల నిర్మించే ప్రణాళికను రూపొందించాడు. అది ఆమోదం పొందడంతో పాత ఊరు దక్కింది. 1997లో యునెస్కో కోట పట్టణాన్ని, రెండు ఆలయాలను కలిపి ఒకే వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆలయాలు కోట వెలుపల ఉన్నా ఆ ఊరి చరిత్రలో భాగమేనని ఈ నిర్ణయం అంగీకరించింది.

2021 అక్టోబరులో ఎడతెగని వానలకు ప్రాకారపు లోపలి ముఖం ఒకచోట సుమారు 25 మీటర్ల పొడవున జారిపడింది. ఇటుక కప్పు లేని వైపు అది. ష్వాంగ్‌లిన్ విగ్రహాలు కూడా కర్ర చట్రంపై మలచిన పచ్చిమట్టివే గనుక, రంగుల పునరుద్ధరణకంటే ముందు పైకప్పుల నీరు ఎటు పారుతున్నదో చూడవలసి ఉంది.