వార్తల్లో పదం: హౌతీలు

యెమెన్ ఉత్తర కొండల్లోని జైదీ షియా అరబ్బుల సాయుధ ఉద్యమం ఇది. అక్కడ 897లో మొదలైన జైదీ ఇమాముల ఏలుబడి 1962 సైనిక తిరుగుబాటుతో కూలింది. తమ ప్రాంతం వెనకబడిందన్న అసంతృప్తి, సౌదీ మత ప్రభావంపై వ్యతిరేకత 1990లలో ఉద్యమానికి ఊపిరి పోశాయి. నాయకుడు హుసేన్ అల్ హౌతీని 2004లో ప్రభుత్వ బలగాలు చంపేశాయి. 2014లో రాజధాని సనా హౌతీల వశమైంది. 2015 మార్చిలో సౌదీ కూటమి వైమానిక దాడులకు దిగింది. గాజా యుద్ధం నేపథ్యంలో 2023 నవంబరు నుంచి హౌతీలు ఎర్రసముద్రంలో వాణిజ్య నౌకలపై దాడులు సాగించారు. చాలా నౌకలు సూయజ్ కాలువను వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. కృష్ణగిరి ఫ్యాక్టరీల తోతాపురి గుజ్జు, హోసూరు యంత్రభాగాలు ఓడల్లో ఐరోపాకు వెళ్లే దగ్గరి దారి సూయజే. చుట్టుదారి పడితే సుమారు రెండు వారాల ఆలస్యంతో పాటు కంటైనర్ కిరాయి కూడా పెరుగుతుంది.