మదనపల్లె పటానికి ఒత్తులు దిద్దేవాళ్ళు

మదనపల్లె రోడ్ అనే రైల్వే స్టేషను మదనపల్లెలో ఉండదు. పాకాల–ధర్మవరం లైను మీద, ఊరికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో, అందరూ సీటీఎం అని పిలిచే చిన్నతిప్పసముద్రం దగ్గర ఉంటుంది. మా ప్రాంతం వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. పెళ్ళికో, హార్స్‌లీ హిల్స్ చూడడానికో కొత్తగా వచ్చేవాళ్ళు మాత్రం ఫోనులో పటాన్ని నమ్ముకుని రైలు దిగుతారు. ఆ పటంలో స్టేషను చుక్క ఊరి నడుమ పడితే అర్ధరాత్రి పిల్లాపాపలతో దిగినవాళ్ళ గతి ఏమిటి? చుక్కను సరైన చోట పెట్టాలి. ఊళ్ళోకి వచ్చే రోడ్డు మధ్యలో తెగకుండా కలపాలి. ఈ పనిని పైసా జీతం లేకుండా చేసేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. మా చిత్తూరు సీమలోనూ ఉన్నాం.

ఆ పటం పేరు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. వికీపీడియా వ్యాసాన్ని ఎవరైనా దిద్దగలిగినట్టే దీన్నీ ఎవరైనా దిద్దవచ్చు. నాది పుంగనూరు. బెంగళూరులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. శని, ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడూ, రాత్రిపూట తీరిక దొరికినప్పుడూ ఈ పటం పని పెట్టుకుంటాను. ఇందులో రెండు రకాల పని ఉంది. ఊళ్ళూ రోడ్లూ చెరువులూ ఎక్కించడం ఒకటి. పటాన్ని నడిపే ప్రోగ్రాములను బాగుచేయడం రెండోది. మొదటిదాని గురించి అప్పుడప్పుడూ పత్రికల్లో వస్తూ ఉంటుంది. రెండోది ఎవరి కంటా పడదు. నేను చెప్పాలనుకున్నది ఎక్కువగా దాని గురించే.

2004లో స్టీవ్ కోస్ట్ అనే కుర్రాడు లండన్‌లో ఈ పటాన్ని మొదలుపెట్టాడు. అక్కడ ప్రభుత్వ సర్వే పటాలను వాడుకోవాలన్నా డబ్బు కట్టి, షరతులకు ఒప్పుకోవలసి వచ్చేది. జనమే జీపీఎస్ పరికరాలు పట్టుకుని తిరిగి, తమ వీధులను తామే గీసుకుంటే పోదా అని అతని ఆలోచన. 2006లో దీనికో ఫౌండేషన్ ఏర్పడింది. 2012 నుంచి అమల్లో ఉన్న లైసెన్సు ప్రకారం ఈ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, వ్యాపారానికైనా సరే. ఎక్కడిదో చెప్పాలి. మెరుగుపరిచి బయటికి ఇస్తే అదే షరతు మీద అందరికీ ఇవ్వాలి. ఇప్పుడు ఖాతాలు కోటి దాటాయి. అందులో నిజంగా చేయి వేసేవాళ్ళు కొద్దిమందే.

తెర మీద కనిపించేది బొమ్మ. లోపల ఉన్నది పెద్ద డేటాబేసు. చుక్కలు, చుక్కలను కలిపే గీతలు, గీతలను ఒక జట్టుగా కట్టే సంబంధాలు, అంతే దాని సరుకు. ప్రతిదానికీ ట్యాగులు తగిలిస్తారు. 42వ నంబరు జాతీయ రహదారినే తీసుకోండి. అనంతపురం, కదిరి దాటి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరికి పోతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటినీ ఒకే దారంలో గుచ్చిన రోడ్డు ఇదొక్కటే. పటంలో అది చిన్నచిన్న ముక్కలుగా ఉంటుంది. వంతెన వస్తే ఒక ముక్క, నాలుగు వరసలైతే ఇంకో ముక్క. అన్నిటినీ కట్టి ఉంచేది ఒక సంబంధం. మదనపల్లె నుంచి కృష్ణగిరి దాకా దీని పాత నంబరు 219. ఆ పాత నంబరు రాయడానికీ ట్యాగుల్లో ఒక గడి ఉంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంటుంది. పక్కరోడ్డు గీత హైవే గీతను తాకినట్టే కనబడుతుంది, కానీ రెండూ ఒకే చుక్కను పంచుకోవు. మన కంటికి తేడా తెలియదు. దారి వెతికే ప్రోగ్రాముకు మాత్రం అక్కడ రోడ్డు లేనట్టే లెక్క. ఎదురుగా కనిపిస్తున్న పల్లెకు పోవడానికి అది మనల్ని ఊరంతా తిప్పుతుంది. ఇలాంటి తెగిన చోట్లను పట్టి చూపించే ప్రోగ్రాములను కూడా స్వచ్ఛందంగా రాసిపెట్టినవాళ్ళు ఉన్నారు. వాటి జాబితా తెరిచి మా మండలాల వరకు ఒక్కొక్కటీ అతికించుకుంటూ పోతే రాత్రి ఎంతయిందో తెలియదు.

అన్నిటికంటే కష్టం చెరువులతో. ఉపగ్రహ చిత్రం ఎండాకాలంలో తీసిందైతే మా చెరువులు కనబడవు. కట్ట ఒక్కటి వంకరగా కనిపిస్తుంది, లోపలంతా తుమ్మచెట్లు, ఒక మూల గుంటలో మిగిలిన నీళ్ళు. ఎక్కడో దూరదేశంలో కూర్చుని సాయం చేసేవాళ్ళు ఆ గుంటనే చెరువనుకుని చుట్టూ గీస్తారు. వాళ్ళను తప్పుపట్టలేం. వానలు పడ్డ ఏడాది నీళ్ళు ఎందాకా వచ్చి నిలుస్తాయో ఆ కట్ట కింద సేద్యం చేసేవాళ్ళకే తెలుస్తుంది. అందుకని వీలైనప్పుడు కట్ట మీద నడిచి, తూము ఎక్కడుంది, మొరవ (అలుగు) ఎటు పోతుంది అని చూసి వస్తాను.

చౌడేపల్లె వైపు ఒక చెరువు దగ్గర మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఆగాడు.

"ఏం నాయినా, మళ్ళా సర్వేనా? మొన్నే గదా రాళ్ళు నాటిపోయిరి."

భూముల రీసర్వే జరిగినప్పటి నుంచి పొలాల్లో ఫోను పట్టుకుని నిలబడితే ముందు వచ్చే ప్రశ్న ఇదే. "భూమి సర్వే కాదు తాతా. చెరువు పేరు, మొరవ రాసుకుంటా ఉండా" అని ఫోను చూపించాను.

"పేరేం రాసినావు?"

చదివి వినిపించాను.

"అది కాయితాల్లో పేరు. మేము దీన్ని కొత్త చెరువంటాం. మా తాత పుట్టకముందు నుంచీ ఇది కొత్త చెరువే."

రెండు పేర్లూ ఎక్కించాను. రికార్డుల్లో ఉన్నదానికి ఒక గడి, ఊరు పిలుచుకునేదానికి ఒక గడి విడిగా ఉంటాయి. ఏడాది పొడవునా నీళ్ళు ఉండవని చెప్పే ట్యాగు కూడా పెట్టాను. హంద్రీ-నీవా పథకంలో శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్ళకు ఇటువైపు పుంగనూరు బ్రాంచి కాలువ, దాని నుంచి చీలి కుప్పం బ్రాంచి కాలువ తవ్వారు. ఆ నీళ్ళు చేరే చెరువులకు ఈ ట్యాగును మళ్ళీ చూసుకోవాలి.

ఇక ప్రోగ్రాముల సంగతి. మనం ఒక మార్పు చేస్తే కొద్ది నిమిషాల్లో పటంలో కనిపిస్తుంది. పాత రూపం పోదు. ప్రతి చుక్కకూ వెర్షను నంబరు ఉంటుంది, ఎవరైనా చెడగొడితే వెనక్కి తిప్పవచ్చు. ఇదంతా నడిపే వెబ్‌సైటు ప్రోగ్రాము రూబీ భాషలో రాసింది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. టామ్ హ్యూస్ అనే ఆయన ఏళ్ళ తరబడి స్వచ్ఛందంగా దాన్నీ సర్వర్లనూ కనిపెట్టుకుని ఉన్నాడు. సర్వర్ల బాగోగులకు ఫౌండేషన్ ఒక ఇంజనీరుకు జీతమిచ్చి పెట్టుకున్నది 2022లోనే. 2024 డిసెంబరు 15న ఆమ్‌స్టర్‌డామ్‌లోని సర్వర్లకు ఇంటర్నెట్ లైను తెగిపోయింది. పటం చూడవచ్చు గానీ దిద్దడానికి లేకుండా పోయింది. లోకంలో ఎన్నో యాప్‌లు, పెద్దపెద్ద కంపెనీలు వాడుకునే పటం వెనక ఉన్న బలగం ఇంత చిన్నదా అని నాకు గట్టిగా తెలిసింది అప్పుడే. సాయం కావలసింది డబ్బు రూపంలోనే కాదు, ప్రోగ్రాము చదివి తప్పు పట్టుకునే చేతుల రూపంలో కూడా.

పటం దిద్దే పనిముట్లు కూడా ఇలాంటివాళ్ళు చేసినవే. అనుభవం ఉన్నవాళ్ళు జావాలో రాసిన జోస్మ్ వాడతారు. బ్రౌజరులోనే దిద్దే ఐడీ 2013లో వచ్చింది. టోబియాస్ స్విక్ అనే జర్మన్ రాసిన స్ట్రీట్‌కంప్లీట్ అయితే వీధిలో నడుస్తుంటే ప్రశ్నలు అడుగుతుంది. ఈ రోడ్డు తారుదా మట్టిదా, ఈ ఇల్లు ఎన్ని అంతస్తులు అని. జవాబు నొక్కితే చాలు, పటంలోకి ఎక్కిపోతుంది. ప్రోగ్రాములంటే భయపడే మా అక్క కూడా మదనపల్లె వీధుల్లో దీన్ని వాడుతుంది.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది తెలుగు అక్షరాల సమస్య. మన దేశంలో ఊరి అసలు పేరు గడిలో ఇంగ్లీషు రాయడం ఆనవాయితీ. తెలుగుకు వేరే గడి ఉంది. ఆ గడి నింపుతూ పోతే తెలుగు పటం దానంతట అదే వస్తుందని అనుకుంటాం. రాదు. పాత పద్ధతిలో సర్వరే పటాన్ని బొమ్మగా గీసి పంపేది. గీసే మ్యాప్నిక్ అనే ప్రోగ్రాము, 2015లో వచ్చిన మూడో వెర్షను నుంచి, అక్షరాలను కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే ఇంకో ప్రోగ్రాముకు అప్పగించింది కాబట్టి తెలుగు చక్కగా వచ్చేది. కొత్త పద్ధతిలో సర్వరు గీతలూ పేర్లూ మాత్రమే పంపుతుంది, గీసుకోవడం మన ఫోను పని. పటం నున్నగా తిరుగుతుంది, పెద్దదవుతుంది. అలా గీసే మ్యాప్‌లిబ్రె అనే ప్రోగ్రాము ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మ తెచ్చి వరసగా పక్కపక్కన పెట్టే పద్ధతి మీద కట్టింది. ఇంగ్లీషుకు అది చాలు.

మదనపల్లెలోని "ల్లె" చూడండి. కంప్యూటరు లోపల అది నాలుగు సంకేతాలు: ల, పొల్లు, మళ్ళీ ల, ఎత్వం. తెర మీద ఎత్వం మొదటి ల నెత్తిన ఎక్కాలి, రెండో ల ఒత్తయి కిందికి దిగాలి. నాలుగు బొమ్మలను వరసగా పెడితే పొల్లు ఒకచోట, ఎత్వం ఒకచోట విడిపోయి ఎవరికీ చదవరాని రూపం వస్తుంది. కుప్పంలో ప్ప విడిపోతుంది, శ్రీకాళహస్తిలో శ్రీ ముక్కలైపోతుంది. హిందీకీ, బర్మా, కంబోడియా లిపులకూ ఇదే బాధ. పేరును మొత్తంగా ఫోనులోని ఫాంటుతోనే రాయించి బొమ్మగా అతికించడం ఒక మార్గం. కూర్చిన అక్షరాలన్నిటినీ ముందే తయారుచేసి ఒక్కోదానికి దొంగ నంబరు ఇవ్వడం ఇంకోటి. మొదటిదానితో పటం నెమ్మదిస్తుంది, రెండోదానితో ఫాంటు ఫైళ్ళు బరువెక్కుతాయి.

ఒక చిన్న పటం ప్రోగ్రాముకు నేను మొదటి పద్ధతిలో సవరణ రాసి పంపాను. దాన్ని పరిశీలించే ఆవిడకు తెలుగు రాదు. "ఏది తప్పో ఏది ఒప్పో నాకెలా తెలుస్తుంది?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. మదనపల్లె, నిమ్మనపల్లె, కుప్పం, పుంగనూరు, శ్రీకాళహస్తి అని పేర్ల జాబితా రాసి, ప్రతిదానికీ సరైన రూపం ఒక బొమ్మ, చెడిన రూపం ఒక బొమ్మ పక్కపక్కన పెట్టి పంపాను. ప్రోగ్రాములో ఎవరు ఏ మార్పు చేసినా ఆ పేర్లను గీయించి, తేడా వస్తే ఆపేసే పరీక్షగా ఆవిడ దాన్ని చేర్చింది. కాలిఫోర్నియాలోనో పోలండులోనో ఎవరో ఒక గీత మార్చినప్పుడల్లా ఒకసారి నిమ్మనపల్లె పేరు సరిగ్గా వచ్చిందా అని చూస్తారు. ఈ మాట మా మండలంలో చెబితే ఎవరూ నమ్మలేదు.

ఊరికే మురిపెం కోసం ఇంత తిప్పలు దేనికని అడిగేవాళ్ళున్నారు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు అరుణ్ గణేశ్ అనే పటాల నిపుణుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద ఒక పటం పెట్టాడు. నీళ్ళు నిలిచిన తమ వీధిని జనమే నొక్కి గుర్తించారు. అలాంటి రోజు మన జిల్లాల్లో వస్తే, ఇంగ్లీషు చదవలేని ముసలమ్మ తన వీధిని ఎలా నొక్కుతుంది? ఆమె చదవగలిగే పటం ముందే సిద్ధంగా ఉండాలి.

కుప్పంలో పని మరో రకం. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. బెంగళూరు–జోలార్‌పేట లైను మీది స్టేషను, 1997లో పుట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడే. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ ప్రభుత్వంతో కలిసి ఐ-కమ్యూనిటీ పేరుతో పల్లెల్లో కంప్యూటరు కేంద్రాలు పెట్టింది. అది కొన్నేళ్ళ గడువున్న పథకం. పటం పనికి గడువు లేదు, మొదలుపెట్టడానికి ఎవరి సంతకమూ అక్కరలేదు. మన దేశంలో పటాల తయారీకి ఉన్న అనుమతుల చిక్కులను కూడా 2021 ఫిబ్రవరిలో కేంద్రం చాలావరకు సడలించింది. ఒక్క నియమం మాత్రం కచ్చితం: ఇంకో కంపెనీ పటం చూసి కాపీ కొట్టకూడదు. కళ్ళతో చూసింది, వాడుకోమని అనుమతి ఇచ్చిన ఉపగ్రహ చిత్రంలో కనిపించింది, అంతే.

కుప్పం సరిహద్దు పల్లెల్లో ఇళ్ళలో తెలుగు, సంతలో తమిళం, అవతలి ఊళ్ళో కన్నడం. పటంలో మూడు లిపులకూ గడులు ఉన్నాయి, చాలాచోట్ల ఒక్కటే నిండింది. నాకు కన్నడం చదవడం వచ్చు, తమిళం రాదు. బోర్డులను ఫోటో తీసి ఉంచుతున్నాను. తమిళం చదవగలిగినవాళ్ళు ఒకరు కుప్పం వైపు నుంచి కలిస్తే, వి.కోట (వెంకటగిరికోట) రోడ్డు మీది ఊళ్ళతో మొదలుపెడతాం.