దూరపు పట్టికలు - వాని నిబంధనలు

మార్కుల రిజిస్టరు వ్రాయునప్పుడు ఉపాధ్యాయుడు కొన్ని నియమములు పాటించును. విద్యార్థి పేరు గడి ఖాళీగా ఉండరాదు. మార్కులు 100కు మించరాదు. ఒకే క్రమసంఖ్య ఇద్దరికి ఉండరాదు. ఈ రిజిస్టరే కంప్యూటరు డేటాబేసులో ఉన్నచో దానిని పట్టిక అనియు, నియమములను నిబంధనలు అనియు అందురు. నిబంధనకు విరుద్ధమైన అంకెను డేటాబేసు స్వీకరింపదు.

ఇప్పుడు పట్టిక ఒక ఊరి కంప్యూటరులోను, దానిని చూడవలసినవారు వేరొక ఊరిలోను ఉన్నారనుకొందము. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేసులో ఇందుకు ఏర్పాటు కలదు. అసలు పట్టిక కదలదు. దాని పేరు, గడుల వివరములు మాత్రము ఇచ్చట నమోదగును. అడిగినప్పుడు సమాచారము అచ్చటినుండి వచ్చును. పూర్వము ఈ వివరములను ఒక్కొక్క పట్టికకు చేతితో వ్రాయవలసివచ్చెడిది. 2016 జనవరిలో వెలువడిన 9.5 వెర్షనుతో, అనేక పట్టికల వివరములను ఒక్క ఆజ్ఞతో దిగుమతి చేసికొను వీలు కలిగినది.

మరి నిబంధనలును వచ్చునా? "ఖాళీగా ఉండరాదు" అనునది వచ్చును, మిగిలినవి రావు. "క్రమసంఖ్య ఒక్కరికే" అను నిబంధనను దూరపు పట్టికపై వ్రాయుటకే వీలులేదు. "మార్కులు 100కు మించరాదు" వంటిదానిని వ్రాయవచ్చును గాని, మనమే వ్రాసికొనవలెను. ఇట్లేల?

అచ్చటివారు నేరుగా వ్రాయు అంకెలు ఇచ్చటి కంప్యూటరునకు కనబడవు. కావున ఇచ్చటి నిబంధన కాపలాదారు కాదు. మనమిచ్చిన హామీ మాత్రమే. ఆ హామీని నమ్మి కంప్యూటరు తన శ్రమను తగ్గించుకొనును. అచ్చటివారు హద్దును 110కి పెంచిరి, మనము మార్చుట మరచితిమి అనుకొందము. "100కు మించినవారెవరు?" అని అడిగినచో, కొన్ని అమరికలలో కంప్యూటరు పట్టికను చూడకయే "ఎవరును లేరు" అనును. జవాబు తప్పు, కాని తప్పు జరిగిన జాడయే ఉండదు.

నిబంధన మాటలు మారకున్నను అర్థము మారవచ్చును. ఒక కంప్యూటరు ఇంగ్లీషు పెద్ద అక్షరములన్నిటిని ముందుంచి, చిన్నవానిని తరువాత ఉంచును. మరియొకటి నిఘంటువువలె కలిపి ఉంచును. అక్షరక్రమముపై ఆధారపడిన నిబంధన ఒకచోట నిజమై, వేరొకచోట అబద్ధమగును.

అందుచేతనే ఈ పనిని యంత్రమునకు విడువక మనుష్యునకు అప్పగించిరి. ప్రతి నిబంధనను చదివి, రెండుచోట్లను దాని అర్థము ఒకటేనని నిశ్చయించుకొనిన పిదపనే వ్రాయవలెను. నియమమును నకలు చేయుట సులభము; అది అమలగుచున్నదని తెలిసికొనుట వేరు పని.