ముద్ద గొంతు దిగనప్పుడు చేసే పరీక్ష: మానోమెట్రీ

"అన్నం ముద్ద రొమ్ము మధ్యలో ఆగిపోతోంది సిస్టర్, నీళ్లు తాగినా దిగడం లేదు" అని చెప్పే రోగులు ఉంటారు. చాలామంది దీన్ని గ్యాస్ అనుకొని నెలల తరబడి మాత్రలు మింగుతారు. కొందరికి ఎండోస్కోపీలో కూడా ఏమీ కనబడదు. అప్పుడు ఇంట్లోవాళ్లు "అంతా నీ భ్రమ" అంటారు. అది భ్రమ కాకపోవచ్చు.

అన్నవాహిక ఎలా పనిచేస్తుంది?

గొంతు నుండి కడుపు వరకు ఉండే గొట్టమే అన్నవాహిక. దీని పొడవు సుమారు 25 సెం.మీ. మింగిన ముద్ద కేవలం తన బరువుతో కిందికి జారదు. గొట్టం గోడలోని కండరాలు పై నుండి కిందికి అలలాగా ముడుచుకుంటూ దాన్ని నెడతాయి. అడుగున ఉన్న కండరం కవాటంలా మూసుకొని ఉండి, ముద్ద వచ్చేసరికి వదులై దారి ఇస్తుంది. అల సరిగా రాకపోయినా, కవాటం వదులు కాకపోయినా తిన్నది అక్కడే నిలిచిపోతుంది. అల దెబ్బతిని, కవాటం కూడా వదులు కాని జబ్బును ఎకలేషియా అంటారు.

ఎండోస్కోపీ చాలదా?

ఎండోస్కోపీ ముందుగా చేయించుకోవాలి. పుండు, గడ్డ, క్యాన్సర్ వంటివి ఉన్నాయేమో అందులో చూస్తారు. కానీ కండరాలు ఎంత బలంగా, ఏ వరుసలో ముడుచుకుంటున్నాయో అది కొలవలేదు. దాన్ని కొలిచేదే మానోమెట్రీ.

పరీక్ష ఎలా చేస్తారు?

పరగడుపున రావాలి. ముక్కులో మొద్దుబార్చే జెల్లీ పూసి, సన్నని గొట్టాన్ని ముక్కు ద్వారా కడుపు వరకు దింపుతారు. దాని పొడవునా ఒత్తిడిని కొలిచే సెన్సార్లు ఉంటాయి. తర్వాత ఒక్కో టీస్పూను నీళ్లు సుమారు 10 సార్లు మింగమంటారు. మీరే మింగాలి కాబట్టి మత్తు ఇవ్వరు. గొట్టం దిగేటప్పుడు కాసేపు వికారంగా ఉంటుంది, కళ్లలో నీళ్లు వస్తాయి. భయపడకండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. సాధారణంగా అరగంటలో పూర్తవుతుంది. అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. ఒకటి రెండు రోజులు గొంతు కాస్త నొప్పిగా ఉండవచ్చు.

మీరు వాడే మందులన్నీ ముందే చెప్పండి. ముఖ్యంగా షుగరు మందులు, రక్తం పలుచబరిచే మందుల సంగతి దాచకండి. ఏ మందునూ మీ అంతట మీరు ఆపవద్దు.

చికిత్స ఉందా?

ఉంది. ఎకలేషియాలో కవాటాన్ని బెలూనుతో వెడల్పు చేస్తారు, లేదా ఆపరేషన్‌తో ఆ కండరాన్ని కోసి వదులు చేస్తారు. 2008లో జపాన్‌లో మొదలైన పోయెమ్ పద్ధతిలో ఇదే పనిని నోటి ద్వారా ఎండోస్కోపీతో చేస్తారు. ఎవరికి ఏది తగినదో తేల్చడానికి ఈ పరీక్ష తోడ్పడుతుంది.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

• ముద్ద తరచుగా అడ్డం పడుతుంటే
• పడుకున్నప్పుడు తిన్నది నోట్లోకి వచ్చి దగ్గు వస్తుంటే
• కారణం లేకుండా బరువు తగ్గుతుంటే

మీ ఇంట్లో పెద్దవారు అన్నం మానేసి జావతో సరిపెట్టుకుంటున్నారా? ఆకలి లేదేమో అనుకోకండి. మింగడం కష్టంగా ఉందా అని అడిగి, డాక్టరు దగ్గరకు తీసుకురండి.