తొట్టి అడుగున సీసం

భార లోహాలనగానే నాకు పటాన్‌చెరు దగ్గరి నక్కవాగూ, ఫ్యాక్టరీల మురుగూ గుర్తొచ్చేవి. మా ఇంటి కుడితి తొట్టి తట్టనేలేదు. నిరుడు పగిలిన ట్రాక్టరు బ్యాటరీ పలకల్ని ఆ తొట్టి దగ్గరే కడిగాం. కడిగింది నేనే, అందులో సీసం ఉంటుందని పరీక్షలో రాసినవాణ్ణే!

వారం తిరక్కుండా చూడిగేదె పళ్ళు కొరకడం, గోడకు తల ఆనించి నిలబడడం, చూపు ఆనకపోవడం మొదలయ్యాయి. నాన్న దిష్టన్నాడు. పశువుల డాక్టరుగారు తొట్టి అడుగునున్న మడ్డి చూపించారు.

బ్యాటరీ సీసం నీటిలో అంతగా కరగదు, మడ్డిగా దిగుతుంది. గొడ్డు అడుగంటా తాగితే లోపలికి పోతుంది. కాల్షియం చేరే చోటల్లా అదీ చేరి ఎముకల్లో దాక్కుంటుంది. ఈనాక పాల కోసం ఎముకల్లోంచి కాల్షియం కదిలినప్పుడు సీసమూ వెంట వస్తుంది. పాలు కాచినా పోదు. పశువుల నీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటరాదని ఆహార, వ్యవసాయ సంస్థ 1985లో చెప్పింది. మనుషులకైతే మన ప్రమాణం 0.01. అంత కొంచెం రంగుకీ రుచికీ అందదు.

గేదె బతికింది, చూపు సగమే వచ్చింది. ఆ ఈత పాలు అమ్మ ఎవరికీ పొయ్యలేదు, జున్నుపాలతో సహా. మడ్డిని డబ్బాకెత్తి అటకమీద పెట్టాం. ఎక్కడ పారబొయ్యాలో కెమిస్ట్రీ మాస్టార్లెవరైనా చెబుతారా?