వరదనాటి వడపోత

1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి పొంగి కోనసీమ లంకలను ముంచెత్తినపుడు, చుట్టును నీరే యున్నను త్రాగుటకు గ్రుక్కెడు మంచినీరు కరవైన కష్టమును అచ్చటివారు చవిచూచిరి. పూర్వము ఎర్రనీటిని చిల్లగింజ అరగదీసి తేర్చెడివారు; నేడు చేతిసంచిలో ఇముడు చిన్న ఫిల్టరు, కొండలెక్కు యాత్రికునకు వలెనే లంకవాసికిని ఆపదలో అక్కరకు వచ్చును.

దానిలోని బోలుదారముల గోడలయందలి రంధ్రములు సుమారు 0.1 మైక్రాను మాత్రమే యగుటచే బాక్టీరియా వానిని దాటలేదు. కాని ఒండ్రు పేరుకొన్నకొలది ధార సన్నగిల్లును. కావున నీటిని ముందుగా బిందెలో తేర్చి, పైతేటను గుడ్డతో వడకట్టి పోయవలెను. ధార తగ్గినంతనే, శుభ్రమైన నీటిని పిచికారీతో బయటిమూతినుండి లోనికి ఎదురెక్కించి, మురికి విడిచి తేటనీరు వచ్చువరకు కడుగవలెను. చాలకాలము దాచదలచినచో, తయారీదారు సూచించిన క్రిమిసంహారక ద్రవముతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనీయవలెను. ఇంటిలోని సిరామిక్ క్యాండిలునైతే, సబ్బు తగులనీయక, మెత్తని బ్రష్షుతో నీటిధారక్రింద రుద్దిన చాలును.

ఎంత శ్రద్ధగా కడిగినను ఇట్టి ఫిల్టరు అతిసూక్ష్మములైన వైరసులను, పురుగుమందులను ఆపజాలదు. ఉప్పుబారిన బావినీటిని తీపి చేయజాలదు. కనుక వైరసుల భయము తొలగుటకై వరదదినములలో వడకట్టిన నీటినైనను మరిగించియే పిల్లలకు, వృద్ధులకు ఇచ్చుట ప్రతి గృహమునకును విధిగా భావింపదగినది.