సుంకం ఆగే గోదాము

2016 వరకు మన దేశంలో బాండెడ్ గోదాము, అంటే దిగుమతి సరుకును సుంకం కట్టకుండా ఉంచే గోదాము, తలుపుకు రెండు తాళాలు పడేవి. ఒకటి యజమానిది, రెండోది కస్టమ్స్ శాఖది. ఇద్దరూ వస్తే తప్ప తలుపు తెరుచుకోదు. ఆ గోదాములోనే తయారీ కూడా సాగుతుంటే శాఖ అక్కడ అధికారిని నియమించేది. ఆయన జీతభత్యాల ఖర్చు కంపెనీయే ప్రభుత్వానికి కట్టుకోవాలి. ఆయన రాక ఆలస్యమైతే సరుకు కదలదు, సరుకు కదలకపోతే రేవులో ఓడ ఆగదు. ఆ ఏడాది ఆర్థిక చట్టం ఈ పద్ధతిని మార్చింది. బంగారం, డ్యూటీఫ్రీ దుకాణాల సరుకు వంటివి దాచే ప్రత్యేక గోదాములకు తప్ప మిగతావాటికి శాఖ తాళం తీసేసి, లెక్కల పుస్తకాన్ని కాపలా పెట్టింది.

అసలు ఈ గోదాముల అవసరం ఏమిటి? దిగుమతి సుంకం దేశంలో వాడుకునే సరుకు మీద వేసే పన్ను. బయటి దేశం నుంచి వచ్చిన విడిభాగం మన ఫ్యాక్టరీలో ఒక వస్తువులో చేరి, మళ్లీ బయటి దేశానికే వెళ్లిపోతే దాని మీద సుంకం అడగడానికి ఆధారమే లేదు. అయినా వసూలు చేస్తే ఆ భారం ధరలో చేరుతుంది. వియత్నాంలోనో థాయ్‌లాండ్‌లోనో అదే వస్తువు చేసేవాళ్లు ఆర్డరు ఎగరేసుకుపోతారు. ముందు కట్టించుకుని ఎగుమతి తర్వాత తిరిగిచ్చే డ్యూటీ డ్రాబ్యాక్ పద్ధతి ఉంది. అందులో డబ్బు ముందు పోతుంది, వెనక వస్తుంది, మధ్యలో వడ్డీ మోసేది తయారీదారు. గోదాము పద్ధతిలో ఆ డబ్బు జేబులోంచి బయటికే రాదు.

ఒక లెక్క చూద్దాం. తిరుపతి జిల్లా శ్రీసిటీ చుట్టుపక్కల ఒక మధ్యతరహా ఫ్యాక్టరీ 10 కోట్ల రూపాయల యంత్రం దిగుమతి చేసుకుందనుకుందాం. దాని మీద కస్టమ్స్ సుంకం 7.5 శాతం అయితే 75 లక్షలు. ఆ సుంకం మీద పదోవంతు సామాజిక సంక్షేమ సర్‌చార్జి, 7.5 లక్షలు. అన్నీ కలిపిన విలువ మీద 18 శాతం ఐజీఎస్‌టీ, సుమారు 1.95 కోట్లు. యంత్రం రేవు దాటాలంటే మొత్తం 2.77 కోట్లు కట్టాలి. ఇందులో ఐజీఎస్‌టీ తర్వాత క్రెడిట్‌గా సర్దుబాటవుతుంది. మిగిలిన 82.5 లక్షలు మాత్రం తిరిగిరావు. ఇంకా ఒక్క వస్తువు కూడా తయారు కాకముందే, ఒక్క డాలరు కూడా రాకముందే ఈ డబ్బు వెళ్లిపోతుంది. కొత్తగా పెట్టిన పరిశ్రమలకు ఊపిరాడనివ్వని ఖర్చు ఇదే.

ఈ ఖర్చును ఆపే మార్గం 1962 కస్టమ్స్ చట్టంలో మొదటినుంచీ ఉంది. 58వ సెక్షన్ కింద ప్రైవేటు గోదాముకు లైసెన్సు, 65వ సెక్షన్ కింద ఆ గోదాములోనే తయారీకి అనుమతి. చాలాకాలం ఈ దారిన నడిచినవాళ్లు తక్కువ. 1966 నాటి నిబంధనలను పక్కనపెట్టి 2019 అక్టోబరు 1న కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చాక దృష్టి ఇటు మళ్లింది. ఎగుమతిదారులు, కస్టమ్స్ బ్రోకర్లు దీన్ని మూవర్ స్కీమ్ అంటారు. ఫ్యాక్టరీ ఫలానా జోన్‌లోనే ఉండాలన్న షరతు లేదు. ఉన్న ఫ్యాక్టరీనే బాండెడ్ గోదాముగా మార్చుకోవచ్చు. రెండు సెక్షన్లకూ కలిపి ఒకే దరఖాస్తు, ఆ ప్రాంత కస్టమ్స్ కమిషనర్‌కు పెట్టుకోవాలి. వచ్చిన లైసెన్సుకు రెన్యువల్ అక్కర్లేదు. రద్దయ్యేదాకా, లేదా యజమాని తానే తిరిగి అప్పగించేదాకా చెల్లుతుంది.

బదులుగా ప్రభుత్వం అడిగేవి తేలికైనవేమీ కావు. కట్టాల్సిన సుంకానికి మూడింతల మొత్తానికి బాండు రాయాలి. పై లెక్క ప్రకారం ఆ ఒక్క యంత్రానికే బాండు 8.32 కోట్లు. కస్టమ్స్ పద్ధతులు తెలిసిన వేర్‌హౌస్ కీపర్‌ను నియమించాలి. ఏ సరుకు ఎప్పుడు వచ్చింది, ఎంత వాడారు, ఎంత ఎగుమతి అయింది, ఎంత వ్యర్థంగా పోయింది, అంతా నిర్ణీత నమూనాలో కంప్యూటర్లో ఉండాలి. నెల తిరగ్గానే పదో తేదీలోగా రిటర్న్ వేయాలి. ఆడిట్‌కు వచ్చినవారికి గోదాములోని సరుకు, లెక్కలోని సరుకు ఒక్కటిగా కనిపించాలి. తేడా వస్తే, ఆ తేడాకు కారణం చూపలేకపోతే, సుంకం, వడ్డీ, జరిమానా మూడూ మీద పడతాయి. అధికారి తాళం పోయిందని సంబరపడేవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవడం మంచిది. స్టోర్స్ గుమస్తా చేసే చిన్న పొరపాటు ఇక్కడ లక్షల్లో పలుకుతుంది.

సుంకం ఆగిందంటే మాఫీ అయిందని కాదు. ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. దిగుమతైన వంద విడిభాగాల్లో అరవై ఎగుమతి సరుకులో చేరి దేశం దాటితే ఆ అరవై మీద సుంకం పూర్తిగా పోతుంది. మిగిలిన నలభై దేశంలో అమ్మే వస్తువుల్లో చేరితే వాటి మీద సుంకం అప్పుడు కట్టాలి. వడ్డీ ఉండదు. అయితే ఏ రేటున కట్టాలి? సరుకును గోదాము నుంచి విడిపించుకోవడానికి బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజున ఉన్న రేటున. ఈలోగా బడ్జెట్‌లో రేటు పెరిగి ఉంటే పెరిగినదే కట్టాలి.

యంత్రం సంగతి ఇంకా వేరు. అది గోదాములో పనిచేస్తున్నంతకాలం, ఇరవై ఏళ్లయినా సరే, సుంకం అడగరు. వాడాక విదేశానికి పంపేసినా అడగరు. దేశంలోనే అమ్మేసినా, లైసెన్సు వదులుకుని బయటికి వచ్చినా మాత్రం సుంకం కట్టాలి, అదీ తరుగుదల లేకుండా. పదేళ్లు తిరిగి అరిగిపోయిన యంత్రానికి కొత్తదాని విలువ మీద సుంకమన్నమాట. ఈ స్కీమ్‌లో కచ్చితంగా సవరించాల్సిన అంశం ఇది. ఫ్యాక్టరీ నష్టాల్లో మూతపడే రోజునే ఈ బాకీ తలుపు తడుతుంది.

పాతదైన ఈఓయూ, అంటే ఎగుమతి ఆధారిత యూనిట్ పద్ధతిలో తరుగుదల లెక్కలోకి వస్తుంది. 1980 చివర్లో ప్రకటించిన ఆ పథకంలో షరతు వేరు. యూనిట్ ఆర్జించిన విదేశీ మారకం దిగుమతులకు పెట్టిన విదేశీ మారకం కన్నా ఐదేళ్ల మొత్తం మీద ఎక్కువగా ఉండాలి. అనుమతి ఇచ్చేది డెవలప్‌మెంట్ కమిషనర్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ యూనిట్లు ఇందుకోసం విశాఖ దువ్వాడలోని ప్రత్యేక ఆర్థిక మండలి కార్యాలయానికి వెళ్లాలి. మూవర్‌లో అలాంటి ఎగుమతి షరతే లేదు. సగం ఎగుమతి చేసి సగం ఇక్కడే అమ్ముకునే ఫ్యాక్టరీకి అది అనువు. దాదాపు అంతా ఎగుమతి చేసేవారు ఈఓయూ కూడా పోల్చి చూసుకోవాలి.

ఈ గోదాము ఎంత పని చేయగలదో చూడాలంటే బంగ్లాదేశ్‌ను చూడాలి. 1978లో నూరుల్ ఖాదర్ అనే మాజీ ప్రభుత్వాధికారి తన కంపెనీ దేశ్ గార్మెంట్స్ తరఫున దక్షిణ కొరియా సంస్థ దేవూతో ఒప్పందం చేసుకున్నారు. మరుసటి ఏడాది 130 మందిని శిక్షణకు కొరియా పంపారు. కుట్టడం నేర్చుకొచ్చారు సరే, గుడ్డ ఎక్కడిది? దిగుమతి చేసుకుంటే సుంకం విపరీతం. కొరియా అనుభవం చూసి వచ్చిన బాండెడ్ గోదాము పద్ధతి ఆ ముడి విప్పింది. ఎగుమతి ఆర్డరు లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను, అంటే కొనేవారి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీని, చూపించి గుడ్డ కోసం మరో లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరిచే ఏర్పాటు దానికి తోడైంది. సొంత పత్తి అంతగా లేని దేశంలో, పెద్ద పెట్టుబడి లేని మనిషి కూడా కుట్టు ఫ్యాక్టరీ పెట్టగలిగాడు. శిక్షణ పొందినవారిలో చాలామంది తర్వాత సొంత కంపెనీలు పెట్టుకున్నారు. ఇవాళ ఆ దేశ ఎగుమతుల్లో 80 శాతానికి పైగా దుస్తులే.

గోదాము పద్ధతిలోని మచ్చ కూడా అక్కడే కనిపిస్తుంది. ఎగుమతి కోసమని సుంకం లేకుండా తెచ్చిన గుడ్డ ఢాకా ఇస్లాంపూర్ బట్టల బజారులో అమ్ముడవుతోందని అక్కడి పత్రికలు ఏళ్ల తరబడి రాస్తున్నాయి. సుంకం కట్టి నూలు కొని నేసే స్థానిక మిల్లు ఆ ధరతో పోటీపడలేదు. గోదాము లెక్కల మీద అంత పట్టుదల ఎందుకో ఆ బజారు చెబుతుంది.

మన దగ్గర తగువు మరో రూపంలో వచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి సౌర ఫలకాల మీద 40 శాతం, సెల్స్ మీద 25 శాతం కస్టమ్స్ సుంకం పడింది. సౌర విద్యుత్ కంపెనీలు తమ ప్లాంట్లకే బాండెడ్ గోదాముగా లైసెన్సు తీసుకున్నాయి. ఫలకం యంత్రం, కరెంటు తయారైన సరుకు అన్నది వాటి వాదన. అలాగైతే ఫలకం పనిచేసినంతకాలం సుంకం అడగడానికి ఉండదు. ఆ జూలైలో కస్టమ్స్ బోర్డు ఇలాంటి లైసెన్సులు కుదరవని ఆదేశమిచ్చింది. 2024 మేలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. చట్టంలో తయారీ అని ఉందే తప్ప కరెంటుకు మినహాయింపు లేదు కదా అన్నది కంపెనీల బలం. దేశంలో ఫలకాల తయారీని నిలబెట్టడానికి వేసిన సుంకాన్నే ఇది పనికిరాకుండా చేస్తుందన్నది ప్రభుత్వ ఆందోళన, అందులో న్యాయముంది. కొన్ని తరగతుల సరుకుకు సంబంధించిన తయారీ పనులకు ఈ గోదాముల్లో అనుమతి లేదని చెప్పే అధికారం కోసం అదే ఏడాది బడ్జెట్‌లో 65వ సెక్షన్‌ను కేంద్రం సవరించింది.

చిన్న పరిశ్రమలు లెక్కలోకి తీసుకోవాల్సిన మార్పు ఇంకొకటుంది. 2023 ఆర్థిక చట్టం 65ఏ అనే సెక్షన్‌ను చేర్చింది. ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి అది అమలవుతుంది. అప్పుడు ఈ గోదాములకు వచ్చే సరుకు మీద ఐజీఎస్‌టీ ముందే కట్టాలి, వాయిదా కస్టమ్స్ సుంకానికి మాత్రమే దక్కుతుంది. శ్రీసిటీ ఫ్యాక్టరీ లెక్కలో ఆగే మొత్తం 2.77 కోట్ల నుంచి 82.5 లక్షలకు దిగిపోతుంది.